సున్నాకు తెచ్చిన మీట

విరజ బండి కుడివైపు తిరగడం మానేసింది.

అది మూరెడు పొడవున్న పందెపు బగ్గీ. చేతిలోని రిమోట్ ఎటు చెబితే అటు పోవలసినది. ఎడమ మలుపులో చక్కగా తిరిగేది. కుడి మలుపు రాగానే మొండికేసి, నేరుగా పోయి గట్టును గుద్దేది. వారం రోజులుగా ఆమె ముందు టైర్లు మార్చింది, స్ప్రింగులు మార్చింది. మార్చుకోనిది ఆమె కోపం ఒక్కటే. అది రోజురోజుకూ పెరిగింది.

ఫైనల్‌కు పావుగంట ఉందనగా, ఒక కాగితం పట్టుకుని దస్తగిరి ఉస్తాద్ ముందు నిలబడింది. కర్నూలు శివార్లలోని ఆ మట్టి ట్రాక్‌ మీద బగ్గీలు నడిపేవారిలో సగం మంది ఆయన శిష్యులే. నలభై ఏళ్లు గడియారాలు బాగుచేసిన మనిషి ఆయన.

"సంతకం పెట్టండి ఉస్తాద్."

"దేనికమ్మా?"

"సాల్మన్ నా బండిని పాడుచేశాడు. పోయిన ఆదివారం నేను నీళ్లు తాగి వచ్చేసరికి నా బల్ల దగ్గర వాడొక్కడే ఉన్నాడు. అప్పటి నుంచే ఇది తిరగడం లేదు. వాణ్ణి ఫైనల్ నుంచి తీసేయాలి."

గురువు సంతకం ఉంటే తప్ప అక్కడ ఏ ఫిర్యాదూ చెల్లదు. సాల్మన్ కూడా ఆ గురువు శిష్యుడే. పక్క బల్ల దగ్గరే తన బండి చక్రాలు తుడుస్తున్నాడు.

"ఏందక్కా, నీ బండి తిరగకుంటే నేనేనా? రేపు వాన పడకున్నా నా పేరే రాస్తావా?"

"నోరు ముయ్యి! దొంగచేతుల వాడా!"

సాల్మన్ చేతిలోని గుడ్డను నేలకేసి కొట్టాడు. "దొంగ అంటే మర్యాద ఉండదు, చెప్తున్నా! ఈ ఫైనల్ కోసం మూడేళ్లు ఆగినా నేను."

ఉస్తాద్ కాగితం ఆసాంతం చదివాడు. జేబులోని కలం తీయలేదు. విరజ చేతిలోని రిమోట్ అందుకున్నాడు.

రిమోట్ మీద ట్రిమ్ అనే చిన్న మీట ఉంటుంది. బండి తిన్నగా పోక ఏదో ఒక పక్కకు లాగుతుంటే, ఆ మీటను జరిపి దారిలో పెడతారు. విరజ రిమోట్‌లో అది కుడివైపు చివరి గీత దాకా పోయి ఉంది.

"ఇది ఎప్పుడు జరిపినావు?"

"పోయిన ఆదివారమే. బండి ఎడమకు లాగుతుంటే జరిపాను. ఇప్పుడు తిన్నగానే పోతోంది కదా, దానితో ఏం పని?"

ఆయన మీటను వేలితో వెనక్కి తెచ్చి, సున్నా దగ్గర నిలిపాడు. బండిని ట్రాక్‌ మీద పెట్టి, రిమోట్ ఆమె చేతికిచ్చాడు.

"తిప్పవద్దు. ఉత్తగా పోనియ్యి."

బండి పది అడుగులు కూడా తిన్నగా పోలేదు. ఎడమకు వంగి, గట్టెక్కి, బోర్లా పడింది.

"చూశారా! ఎంత పని చేశాడో చూశారా!" అని విరజ అరిచింది.

ఉస్తాద్ బండిని తెచ్చి బల్ల మీద పెట్టి, పై తొడుగు విప్పాడు. ముందు చక్రాలను తిప్పే కడ్డీ వంగి ఉంది. సరిగ్గా దానికి ఎదురుగా, తొడుగు మీద నెలవంక లాంటి సొట్ట.

"నీ కుడికాలి బూటు ఇటియ్యమ్మా."

"బూటా?"

"బూటే."

ఆమె విప్పి ఇచ్చింది. పెద్దాయన ఆ బూటు కొనను తెచ్చి సొట్టలో పెట్టాడు. గిన్నెకు మూత అమరినట్టు అమరింది.

సాల్మన్ కిందపడిన గుడ్డను తీయడం మరచిపోయాడు.

విరజకు పోయిన ఆదివారం జ్ఞాపకం వచ్చింది. బారెడు తేడాతో సాల్మన్ చేతిలో ఓడిపోవడం. బండిని తెచ్చి బల్ల ముందు నేల మీద పడేయడం. నీళ్లకు పోకముందే, కాలెత్తి దాన్ని తన్నడం.

"కోపంలో..." అని ఆగిపోయింది.

ఉస్తాద్ కళ్లు ఎర్రబడి ఉన్నాయి. గొంతు మాత్రం పెరగలేదు.

"వంకరను మీటతో కప్పినావు. కుడికి తిరగడానికి ఉన్న చోటంతా ఆ కప్పడానికే అయిపోయింది."

ఆయన బూటును ఆమె పాదం పక్కన పెట్టాడు. సంతకం లేని కాగితాన్ని మడిచి, వంగిన కడ్డీ పక్కన ఉంచాడు.

"కడ్డీ సరిచేయడానికి పది నిమిషాలు పడుతుంది. ఫైనల్‌కు ఇంకా పది నిమిషాలే ఉన్నాయి."

విరజ బండి వైపు చూసింది. గడియారం వైపు చూసింది. కాగితం ఒక్కటే తీసుకుని, ఒంటికాలి బూటుతోనే, సాల్మన్ బల్ల వైపు నడిచింది.