ఎండాకాలంలో హీటరు

కుళ్లాయప్పకు బుర్ర పనిచేయడం మానేసింది. రేడియేటర్ విప్పి కడిగించాడు. పైపులు మార్చాడు. ఫ్యాన్ బెల్టు కొత్తది, నీళ్ల పంపు కొత్తది. అయినా పది మైళ్లు పోయేసరికి వేడి చూపించే ముల్లు ఎర్రగీత ఎక్కి కూర్చుంటుంది. పదిహేనేళ్లు గుత్తిలో లారీలు బాగుచేసిన మనిషికి ఇంతకంటే పరువు తక్కువేముంది?

బండి అతని గురువు హంపయ్య తాతది. తాతకు మఠం లేదు, ఊరూ లేదు. చలిదేశం నుంచి వచ్చిన ఒకాయన ఏడాదిపాటు తాత వెంట తిరిగి, వెళ్లిపోతూ తన పాత వ్యాను ఆయనకే ఇచ్చేశాడు. లోపలే పరుపు, పొయ్యి, నీళ్ల డబ్బా. తాత ఎవరిచేతా సేవ చేయించుకోడు గానీ, ఆ ముసలి బండి మాత్రం బాగా చేయించుకుంటుంది.

బండి కాగడం ఒక్కటే అయితే కుళ్లాయప్ప ఇంత బాధపడేవాడు కాదు. మూడేళ్ల కిందట అక్క సుంకమ్మ భర్తకు ప్రాణం మీదికొచ్చిందని కబురందింది. వెంటనే ఇదే బండిలో బయల్దేరాడు. పత్తికొండ దారిలో బండి కాగి ఆగిపోయింది. దాన్ని అక్కడే వదిలేసి బస్సెక్కవలసింది. కానీ మెకానిక్కు కదా! ఇదిగో అయిపోతుంది, ఇదిగో అయిపోతుంది అంటూ రెండు రోజులు దాని కిందే పడుకున్నాడు. చేరేసరికి బావను మట్టి చేసేశారు. తల్లి లేని తనను ఎత్తుకుని పెంచిన అక్క, ముఖం తిప్పుకుని లోపలికి పోయింది. అప్పట్నుంచి మాటల్లేవు.

ఇప్పుడు బావ మూడో సంవత్సరీకం. ఈ రోజు కూడా పోకపోతే ఇక అక్క లేనట్టే.

"తాతా, ఏం చెప్తే మా అక్క కోపం చల్లారతాది?" అని మూడు రోజులుగా అడుగుతున్నాడు.

"పోదాం పా" అంటాడే గానీ తాత ఇంకో మాట అనడు.

పోనీలే అని కుళ్లాయప్ప తనే జవాబు సిద్ధం చేసుకున్నాడు. నా తప్పేమీ లేదక్కా, బండి ఆగిపాయె. అప్పుడు ఏ పైపు పగిలిందో, ఏ సామాను ఎక్కడా దొరకలేదో, అంతా వరసగా చెప్పాలి.

గుత్తి దాటి ఎత్తు ఎక్కుతుండగా ముల్లు మళ్లీ ఎర్రగీత ఎక్కింది. ముందునుంచి ఆవిరి లేచింది. కుళ్లాయప్ప బండి పక్కకు తీసి ఆపి, రోడ్డు పక్కన కూలబడ్డాడు.

"అన్నీ కొత్తవే తాతా. ఏం తక్కువ చేసినానో నాకు అర్థం కావడం ల్యా. ఈసారి కూడా నేను పోలేను." ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఇంజన్ చల్లారేదాకా ఇద్దరూ ముళ్లచెట్టు నీడన కూర్చున్నారు. తర్వాత నీళ్లు పోశారు. తాత ముందు సీట్లోకెక్కాడు. డ్రైవరు ముందు బల్ల కింద హీటరు మీట ఒకటుంది. మన ఎండలకు దాంతో పనేమిటని కుళ్లాయప్ప ఎన్నడూ దాన్ని ముట్టుకోలేదు. పైగా గాలి వచ్చే కంతలో పాతగుడ్డ కుక్కి పెట్టాడు. తాత ఆ గుడ్డ పీకి పక్కన పడేసి, మీట చివరిదాకా లాగాడు.

"పోనీ."

బండి కదిలింది. కాగిన గాలి కాళ్ల మీదికి, ముఖం మీదికి కొట్టింది.

"తాతా! ఎండాకాలం ఇది!" పెద్దాయనకు వడదెబ్బ తగిలి మతి పోయిందేమోనని కుళ్లాయప్పకు నిజంగానే భయమేసింది.

"ముల్లు చూసుకుంటా పోనీ."

ముల్లు దిగింది. పూర్తిగా కాదు, సగానికి. అప్పటికి గానీ మెకానిక్కుకు తట్టలేదు. ఇంజన్లో కాగిన నీళ్లే హీటరులోకి వచ్చి, ఆ వేడి లోపలున్న మనుషుల మీదికి వదిలి వెనక్కి పోతున్నాయి.

"నీకెట్ల తెలుసు తాతా?" ఏదైనా మహిమేమోనని ఆశగా అడిగాడు.

"బండిచ్చిన ఆయప్ప కొండలెక్కేటప్పుడు ఇట్లనే చేస్తాండె."

కుళ్లాయప్పకు కాస్త నిరాశ కలిగింది. కొంతదూరం పోయాక ఉండబట్టక మళ్లీ అడిగాడు. "అయినా, దాని వేడి మనమెందుకు పడాల?"

తాత పైపంచెతో మెడ తుడుచుకున్నాడు. "మనకు చెమట పడతాది. దానికి పట్టదు కదరా."

అది జవాబో ఎగతాళో కుళ్లాయప్పకు తెలియలేదు. ఇద్దరూ ఉడికిపోతూ, మెల్లగా అక్క ఊరు చేరారు.

తాత బండి దిగి నేరుగా వీధి కొళాయి కింద తల పెట్టాడు. "నువ్వు పో" అన్నాడు.

"ఏం చెప్పాలో చెప్పనే లేదే తాతా!"

తాత తల తడుపుకుంటూనే ఉన్నాడు.

భోజనాలు అయిపోయినట్టున్నాయి. వాకిట్లో విస్తళ్లు ఎత్తుతున్న సుంకమ్మ, తమ్ముణ్ణి చూసి అక్కడే నిలబడిపోయింది. తర్వాత మొదలుపెట్టింది.

"ఇప్పుడు తెలిసిందేమిరా దారి? కుళ్లాయ వస్తాడు, కుళ్లాయ వస్తాడని మీ బావ వాకిలి దిక్కే చూస్తా పోయినాడు. బండి ఆగిపాయెనంట! బస్సు ల్యాకపాయెనా నీకు? కాళ్లు ల్యాకపాయెనా?"

సిద్ధం చేసుకున్నదంతా కుళ్లాయప్ప నాలుక చివరిదాకా వచ్చింది. పగిలిన పైపు, దొరకని సామాను. ఎందుకో తనకే అర్థం కాలేదు గానీ, నోరు విప్పలేదు. గడప పక్క అరుగు మీద కూర్చున్నాడు.

సుంకమ్మ ఆపలేదు. బావ మాట అయిపోయి, నాన్న మాట వచ్చింది. చిన్నప్పుడు వీణ్ణి చంకనేసుకుని కలుపుకు పోయిన రోజులొచ్చాయి. చుట్టాలు ఒక్కరొక్కరే లేచి వెళ్లిపోయారు. ఆమె గొంతు బొంగురుపోయింది. కుళ్లాయప్ప ముఖం మీద చెమటేదో కన్నీళ్లేవో తెలియడం లేదు, తుడుచుకోనూ లేదు. ఒక్కో మాటా అతనికి తగులుతూనే ఉంది.

ఊపిరి తీసుకోవడానికి ఆమె ఆగింది.

"ఇంకా ఉందా అక్కా?"

"ఉంది" అంటూ సుంకమ్మ వచ్చి అతని పక్కన కూర్చుంది.