ఏడు మూరల శాసనం

వానలు విరివిగా కురిసే ఒకానొక రాజ్యాన్ని కీర్తిధరుడనే రాజు ఏలుతుండేవాడు. ఒక వేసవిలో రాజధానిలో నిప్పంటుకుని పెరటి పాకలన్నీ వరసగా తగలబడ్డాయి. ఇక అలా జరగకూడదని రాజు తన ఉద్యానవనంలో నిలబడి, మూరకర్రతో కొలిపించి ఒక శాసనం చేశాడు.

"పెరట్లో ఒక్క నిట్రాట కర్ర మీద కప్పు నిలిచిందంటే చాలు, అది కట్టడమే. దానికి నా అనుమతి ఉండాలి. ఏ గోడకైనా ఏడు మూరల ఎడం ఉండాలి."

ఆ రోజు నుంచి, "ఇంత గొప్ప శాసనం మరే రాజైనా చేశాడా?" అని సభలో అడగడం ఆయనకు అలవాటైపోయింది. సభ్యులు ఆహా అనేవారు. విదూషకుడు తిప్పన మాత్రం మీసం దువ్వుకుని ఊరుకునేవాడు.

సాలెవీధిలో కొమరమ్మ అని పాలమ్ముకునే ఆవిడ ఉండేది. ఆమెకు ఉన్న ఆధారమల్లా నిండుచూలుతో ఉన్న ఒక్క గేదె. పురాధికారి దండపాణి మనుషులతో వచ్చి దాని పాక పీకించేశాడు.

"బాబ్బాబు, ఇవాళో రేపో ఈనుతుంది. మబ్బు చూడండి. వానలో పడితే దూడ దక్కదు!"

"అనుమతి తెచ్చుకుని మళ్లీ వేసుకో."

"ఎక్కడ వేసుకోను బాబూ?"

"గోడలకు ఏడేసి మూరలు వదిలి," అని దండపాణి వెళ్లిపోయాడు.

కొమరమ్మ ఏడుస్తూ తిప్పన దగ్గరికి పరుగెత్తింది. తిప్పన వచ్చి పెరడు కొలిచాడు. వెడల్పు పన్నెండు మూరలు. వేళ్లు మడిచి లెక్కవేసుకుని, తిన్నగా సభకు వెళ్లాడు.

"ప్రభూ! తమ శాసనం మహాద్భుతం చేసింది. కొమరమ్మ పెరట్లో బ్రహ్మకు కూడా చేతకాని చోటు పుట్టింది. దాని వెడల్పు సున్నా కంటే రెండు మూరలు తక్కువ!"

"అంత వింతా! చూడాల్సిందే," అన్నాడు రాజు. వెల్లగొడుగు, వింజామరలు, పరివారం అంతా కదిలింది.

పెరట్లో ఇద్దరు భటులు రెండు గోడల నుంచి చెరో ఏడు మూరలూ కొలుస్తూ వచ్చారు. ఒకరినొకరు దాటుకుని అవతలికి వెళ్లిపోయారు.

"చోటేదిరా?" అన్నాడు రాజు.

"వాళ్లిద్దరి నడుమే ప్రభూ. పాక లేవాలంటే ముందు పెరడు రెండు మూరలు పెరగాలి. గేదె నిలబడే చోటు ఆ పైన."

రాజు ముఖం కందింది. "ఒక గేదె కోసం శాసనం మారుతుందా?"

ఆ మాట పూర్తయ్యేలోగా వాన దిగింది. గోడ పక్కన గేదె పడుకుని మూలగసాగింది. ముందు రెండు తెల్లని గిట్టలు కనబడ్డాయి. వాటి మీద ఆనించిన చిన్న ముట్టె. రాజు అంతవరకూ ఏ ప్రాణి పుట్టుకనూ చూసి ఎరుగడు. ఊపిరి బిగబట్టాడు.

"గొడుగు! గొడుగు అటు పట్టు!"

"తమరు తడుస్తారు ప్రభూ," అన్నాడు గొడుగువాడు.

"పట్టమన్నానా!"

దూడ నేల మీదికి జారింది. తల్లి నాకుతోంది. కిరీటం మీంచి నీళ్లు కారుతున్నా రాజు కదల్లేదు. ఇప్పుడే లోకంలోకి వచ్చిన ఆ చిన్నది వణికే కాళ్లు కూడదీసుకుని లేచింది, కూలబడింది, మళ్లీ లేచి నిలబడింది. ఎవరో తమకు తెలియకుండానే చేతులు జోడించారు.

అప్పుడు తిప్పన రాజు చెవిలో మెల్లగా అన్నాడు. "చిన్న సందేహం ప్రభూ. కింద కర్ర, పైన కప్పు. గోడకు మూరెడు దూరం కూడా లేదు. దీనికి అనుమతి ఎవరిచ్చారు?"

రాజు గొడుగు వంక చూశాడు, గోడ వంక చూశాడు. పకపకా నవ్వాడు.

"దండపాణీ! పీకించవయ్యా మరి!"

దండపాణి గొడుగు వంకా రాజు వంకా చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"పీకించలేవా? అయితే పాక మళ్లీ లేచేదాకా ఆ గొడుగు నువ్వే పట్టుకో. రేపటి నుంచి పెరడు ఎంతో చూసి ఎడం చెప్పండి. చోటు లేనివాళ్లు గోడవైపు గడ్డికి బదులు పెంకు వేసుకుంటారు, నిప్పంటుకోదు." రాజు మెడలోని ముత్యాలహారం తీసి తిప్పన మెడలో వేశాడు.

తర్వాత దూడకేసి ఒక అడుగు వేసి ఆగాడు.

"కొమరమ్మా, దాన్ని ఒకసారి ముట్టుకోవచ్చా?"

"నన్నడిగితే ఏం లాభం దొరా? దాని తల్లినడగండి."

రాజు బురదలో గొంతుక్కూర్చుని, గేదె తన వంక చూసేదాకా ఎదురుచూశాడు.