గూడబాతు బురదలో ఎందుకు దిగింది?

ఆ సరస్సు మీద గూడబాతు గున్నమ్మే విమానం. ముక్కు కింది సంచిలో చిన్న జంతువుల్ని కూర్చోబెట్టుకుని అవతలి గట్టుకు చేరవేసేది. దారి చెప్పడానికి పిచ్చుక చిట్టెమ్మ ఆమె వీపు మీద కూర్చునేది.

ఒక మధ్యాహ్నం గున్నమ్మ పెళ్లికొడుకు కుందేలును తీసుకెళ్తూ, గట్టు మీద కాకుండా పక్కనున్న గేదెల బురదగుంటలో దిగింది. పెళ్లికొడుకు చెవుల దాకా కూరుకుపోయాడు. ఆడపెళ్లివారు అతణ్ణి పందిపిల్ల అనుకుని వెనక్కి పంపేశారు.

దిగే చోట పెత్తనమంతా నక్క జంబులుది. అతను వెంటనే పంచాయితీ పెట్టించాడు. గున్నమ్మకు కళ్లు నెత్తికెక్కాయని, ఆమెను తీసేసి తన స్నేహితుడు గద్దను పెట్టాలని అన్నాడు. గద్ద పేరు వినగానే కుందేళ్లన్నీ ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. పన్నెండేళ్లలో ఒక్క చీమనైనా జారవిడవని గున్నమ్మ తల దించుకుంది.

విచారణ తాబేలు కూర్మయ్యకు అప్పగించారు. ఆయన తిట్టలేదు, ఏం జరిగిందని అందర్నీ అడిగాడు. సంగతులు బయటపడ్డాయి. పెళ్లి రద్దీ అని జంబులు ఆ రోజు గున్నమ్మను తిండి కూడా తిననివ్వకుండా పదకొండుసార్లు తిప్పాడు. దిగే చోటికి గుర్తు తెల్లగుడ్డ. జంబులు తన తెల్లపంచెను బురదగుంట పక్కనే ఆరేశాడు. చిట్టెమ్మకు బురద కనబడింది కానీ, పెద్దల ముందు నోరెత్తొద్దని జంబులు అంతకుముందే గదిమి ఉంచాడు.

జంబులు నవ్వాడు. "ఎన్నైనా చెప్పండి, గుర్తు చూసుకోవద్దా? నేనైతే కళ్లు మూసుకుని దిగుతాను."

"అయితే దిగి చూపించు నాయనా," అన్నాడు కూర్మయ్య.

తిండి పెట్టకుండా, మండుటెండలో జంబులు చేత సరస్సు చుట్టూ పదకొండుసార్లు పరుగెత్తించారు. చివర్లో గట్టు మీది బండ ఎక్కి తెల్లగుడ్డ దగ్గరికి దూకాలి. చిట్టెమ్మను మాట్లాడొద్దన్నారు. నాలుక వేలాడేసుకుంటూ వచ్చిన జంబులు, తెల్లగా కనబడినదాని వైపు దూకేశాడు. అది బురదగుంట పక్కన ఇంకా ఆరుతున్న అతని పంచే. బురద పైకి తోక ఒక్కటే మిగిలింది.

బయటికి లాగగానే అరిచాడు: "నా తప్పేం లేదు. అలిసిపోయాను, రెండూ తెల్లగానే ఉన్నాయి, ఆ పిచ్చుక నోరు విప్పలేదు."

కూర్మయ్య రాతపని చూసే ఉడుత వైపు తిరిగి, "గున్నమ్మ తరఫు సాక్ష్యం ఇదే. ఒక్క అక్షరం పోకుండా రాసుకోమ్మా," అన్నాడు.

గున్నమ్మ ఉద్యోగం నిలిచింది, జంబులు పెత్తనం పోయింది. నాలుగుసార్లు తిరిగితే ఒకసారి విశ్రాంతి, గట్టు మీద ఎర్రగుడ్డ అని ఖాయం చేశారు. అనుమానమొస్తే చిట్టెమ్మ గున్నమ్మ నెత్తి మీద పొడవచ్చన్నారు. మర్నాడు చిట్టెమ్మ తామరాకును చూసి బురదేమోనని ఏడుసార్లు పొడిచింది. గున్నమ్మ ఏడుసార్లూ విసుక్కోకుండా చుట్టు తిరిగి వచ్చి, ఎనిమిదోసారి మెత్తగా దిగింది.

తప్పు ఎవరిదని అడిగి ఊరుకుంటే ఒకరి ఉద్యోగం పోతుంది, ఎందుకు జరిగిందని అడిగితే మళ్లీ జరగకుండా ఉంటుంది.