తాటాకు నడుమ బెజ్జం

శరభయ్యకు మఠంలో రెండు పనులు. ఒకటి, ఉగ్రాణం తాళాలు మొలకు కట్టుకుని, అడిగినవాళ్ళకు అడిగిన సరుకు తీసివ్వడం. రెండోది రాయడం. మొదటి పని రెండోదాన్ని సాగనిచ్చేది కాదు.

ఆ మఠం శ్రీశైలానికి నడిచివెళ్ళే దారిలో, అడవి మొదలయ్యే చోట ఉండేది. కన్నడదేశం నుంచీ సీమ పల్లెల నుంచీ కాలినడకన మల్లయ్య దర్శనానికి బయల్దేరినవాళ్ళు అక్కడ ఆగి, ఇంత తిని, కాసేపు నడుం వాల్చి, ఆ తర్వాతే అడవిలో అడుగుపెట్టేవాళ్ళు. వచ్చినవాళ్ళకు లేదనకూడదన్నది మఠం నియమం. అందుకని పొయ్యి ఆరేది కాదు, సరుకుల కొట్టు తలుపు మూతపడేది కాదు.

ఇక రాయవలసినవేమో గురువు రేవణయ్య చెప్పిన ముచ్చట్లు. అంతకుముందు మఠంలో ఉన్న అయ్యగార్లు ఎలా బతికారో, ఎవరికి ఏం చెప్పారో అన్నీ ఆయన నోట్లోనే ఉన్నాయి. మరెక్కడా రాసిలేవు. ఆయనకు వయసు మీదపడింది, చూపు మందగించింది. రాబోయే ఉగాదికి నడకజనంతో కలిసి శ్రీశైలం వెళ్ళిపోతాననీ, ఇక తిరిగి రాననీ కార్తీకంలోనే చెప్పేశాడు.

"నేను వెళ్ళేలోపు గ్రంథం పూర్తిచేసి నా చేతిలో పెట్టు నాయనా. ఒకసారి తడిమి చూసుకుని పోతాను," అన్నాడు.

తాటాకు మీద గంటంతో గీసిన అక్షరం వేలికి తగులుతుంది. కళ్ళు లేకపోయినా గురువు చదవగలడు. కానీ చదవడానికి అక్షరాలు ఉండాలి కదా!

శరభయ్య రోజూ పొద్దున పూజ కాగానే ఉగ్రాణం గడప దగ్గర కూర్చునేవాడు. ఎడమచేతిలో ఆకు, కుడిచేతిలో గంటం. ఒక మాట పూర్తయ్యేది.

"శరభయ్యా, చింతపండు!" వంటింట్లోంచి దేవమ్మ కేక.

లేచి ఇచ్చి వచ్చి కూర్చునేవాడు. ఇంకో మాట మొదలయ్యేది.

"అయ్యా, ఇద్దరం కొత్తగా వచ్చినాం. పడుకోను చాప ఏమన్నా ఉంటుందా?"

మళ్ళీ లేచేవాడు. తిరిగి వచ్చేసరికి ఏం రాయబోయాడో మర్చిపోయేవాడు. సగం గీసిన అక్షరం వంక చూస్తూ పళ్ళు నూరుకునేవాడు.

ఆ కోపమంతా ఒకనాడు ఒక ముసలమ్మ మీద పడింది. పాపం, ఆమె అడిగింది చుక్క ఆముదం. నడిచి నడిచి మడమలు పగిలిపోయి ఉన్నాయి.

"ఏమవ్వా, ఇప్పుడే కావాల్సి వచ్చిందా నీకు ఆముదం? రాసుకుంటున్నాను, కనబడడం లేదా?"

"తప్పైంది నాయనా," అని ఆమె ఒట్టి చేతులతోనే వెనక్కి తిరిగింది.

దేవమ్మ గరిటె చేత్తో పట్టుకునే బయటికి వచ్చింది. "బాగుంది సంబడం! పెద్దల మంచితనం గురించి రాస్తా ముసల్దాన్ని కసురుతావా?" అని కడిగేసింది. ఉగ్రాణంలోకి తనే వెళ్ళి ఆముదం తెచ్చింది కానీ, అప్పటికే ఆ అవ్వ అడవిదారి పట్టింది.

శరభయ్యకు సిగ్గేసింది. సిగ్గు కన్నా ఉక్రోషం ఎక్కువైంది. తిన్నగా గురువు దగ్గరికి పోయాడు.

"అయ్యగారూ, ఈ తాళాలు నావల్ల కాదు. నాలుగు మాటలు రాసేలోపు పదిమంది పిలుస్తారు. నాకు అడ్డు లేని చోటు చూపించండి, గ్రంథం ఒక్క ఊపున రాసేస్తాను. మనుషుల సంగతి అలా ఉంచండి, ఈ ఆకు కూడా అడ్డే!"

"ఆకు ఏం చేసింది?"

శరభయ్య చేతిలోని ఆకు ఎత్తి చూపించాడు. ఆకులన్నిటినీ దారంతో కట్టడానికి ఒక్కో ఆకు నడుమ ముందే బెజ్జం పెడతారు. రాసేవాడు దాని చుట్టూ కాస్త చోటు వదిలి రాయాలి. "మాట జోరుగా సాగుతూ ఇక్కడికి రాగానే ఆగాలి. దాటి అవతల అందుకోవాలి. ఇది లేకపోతే ఎంత హాయి!"

రేవణయ్య చెయ్యి చాపాడు. "తాళాలు ఇటివ్వు."

వాటిని తన మొలకే కట్టుకున్నాడు. "కొండవార గవి ఉంది కదా, ఆ గుహలో కూర్చో. పిలిచే దిక్కుండదు. బెజ్జం పెట్టని ఆకులే తీసుకుపో."

"రాయడమయ్యాక అంచున పొడుచుకుంటాను లెండి," అన్నాడు శరభయ్య.

"ఊఁ," అన్నాడు రేవణయ్య.

గవి చల్లగా ఉంది, నిశ్శబ్దంగా ఉంది. మొదటి రోజు శుభ్రంగా ఊడ్చుకున్నాడు. మర్నాడు గంటం నూరుకున్నాడు. ఆ మర్నాడు ఆకులన్నీ తుడిచి వరుసగా పేర్చుకున్నాడు. మనసు కుదిరాక మొదలుపెడదామని కాస్త వెన్ను వాల్చాడు. ఆ వాల్చడం వాల్చడం పొద్దుగూకింది.

రోజులు అలాగే పోయాయి. పిలిచేవాళ్ళు లేకపోతే రాత దానంతటదే వస్తుందనుకున్నాడు మహానుభావుడు. ఎవరూ పిలవలేదు, అదీ రాలేదు. పైపెచ్చు, దేవమ్మకు చింతపండు అందిందో లేదో అని ఇక్కడ కూర్చుని ఆలోచన!

శివరాత్రి ముంచుకొచ్చేసరికి గుండెల్లో రాయి పడింది. ఇక తిండీ నిద్రా మానేసి గంటం పట్టాడు. ఆ చివర నుంచి ఈ చివరకు ఎక్కడా తెగకుండా అక్షరాలు బారులు తీరాయి. ఆకు ఎత్తి ఎండలో చూసుకుని, ఈ మఠంలో ఇంత అందంగా ఎవరు రాశారని తనే మురిసిపోయాడు. గ్రంథంలో సగం కూడా కాలేదు. అయినా చూపించకుండా ఉండలేక, శివరాత్రి దాటిన మర్నాడు ఆకులు చంకన పెట్టుకుని దిగి వచ్చాడు.

మఠంలో అడుగుపెట్టేసరికి రేవణయ్య ఉగ్రాణంలో ఉన్నాడు. గోడ పట్టుకుని ఒక్కో జాడీ మూత తీసి, వేళ్ళతో నలిపి చూసి, ఉప్పు ఏదో చక్కెర ఏదో తేల్చుకుంటున్నాడు. దేవమ్మకు ఉప్పు ఇచ్చి మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నాడో లేదో, బయట ఎవరో పిలిచారు. మళ్ళీ లేచాడు. శరభయ్య ఎదురువెళ్ళి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"వచ్చినావా నాయనా? ఏదీ, ఇటు తే."

అరుగు మీద కూర్చుని ఆకులు తడిమాడు. వేళ్ళు ఈ చివర నుంచి ఆ చివరకు జారాయి. "బాగా సాగింది. ఎక్కడా ఆగలేదు."

శరభయ్య మొహం వెలిగిపోయింది.

"కట్టు మరి," అన్నాడు గురువు.

దేవమ్మ పొయ్యిలో ఎర్రగా కాల్చిన ఇనుప పుల్ల తెచ్చిచ్చింది. శరభయ్య మొదటి ఆకు తీసుకుని, అనుకున్నట్టే అంచున పొడిచాడు. టప్పున చప్పుడైంది. ఆకు ఈనె వెంబడి సగం దాకా చీలిపోయింది. అక్షరాల తలలు పైన, కాళ్ళు కింద.

రెండో ఆకు మరింత మెల్లగా పొడిచాడు. అదీ చీలింది.

మూడో ఆకు తీసుకుని పుల్లను నడుమకు తెచ్చాడు. ఆ చోట, రేవణయ్య తన గురువు నోట ఆఖరిగా విన్న మాట ఉంది. పుల్లను కాస్త ఇటు జరిపాడు. ఇక్కడా మాటే. అటు జరిపాడు. అక్కడా మాటే. పుల్ల పక్కన పెట్టేశాడు.

"ఏమైంది?"

"చోటు లేదు అయ్యగారూ."

"ఎక్కడా?"

"ఎక్కడా లేదు."

రేవణయ్య మొలనుంచి తాళాలు విప్పి అతని ఒళ్ళో పెట్టాడు. పక్కనున్న గుడ్డమూట విప్పి కొత్త ఆకులు బయటికి తీశాడు. వాటన్నిటికీ బెజ్జాలు పెట్టి ఉన్నాయి. జనం పిలవని కాసేపట్లో, కనబడని కళ్ళతో, ఆయనే పెట్టుకుంటూ వచ్చాడు.

"ముందు బెజ్జం పెట్టుకో నాయనా. తరువాత రాసుకో."

మర్నాడు పొద్దున శరభయ్య ఉగ్రాణం గడప దగ్గర కూర్చున్నాడు. మొదటి మాటలు రాసి బెజ్జం దాకా వచ్చాడు.

"శరభయ్యా, ఉప్పు!"

గంటం పక్కన పెట్టి లేచాడు. ఉప్పు ఇచ్చి వచ్చి, ఆగిన చోటు వేలితో చూసుకుని, అవతల అందుకున్నాడు.

నాలుగు రోజుల తర్వాత, శ్రీశైలంలో శివరాత్రి దాకా ఉండి తిరిగి వెళ్తున్న ఒక ముసలమ్మ వాకిట్లో నిలబడి, ఇతన్ని చూసి మొహం తిప్పుకుంది. మడమల పగుళ్ళు చూడగానే శరభయ్య గుర్తుపట్టాడు. ఆముదం గిన్నె తనే పట్టుకుపోయి ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"ఆ పొద్దు తప్పు నాది అవ్వా. కాళ్ళు ఇటు పెట్టు."

"రాసుకుంటున్నావేమో కదా నాయనా?"

"రాసుకుంటానులే. ఎక్కడికి పోతుంది!"

రోజూ అలాగే కూర్చున్నాడు. జనం తగ్గిన రోజూ కూర్చున్నాడు, విరగబడ్డ రోజూ కూర్చున్నాడు. పాడైన ఆకులు తిరగరాశాడు, మిగతా ముచ్చట్లూ రాశాడు.

ఉగాది పొద్దున నడకజనం వాకిట్లో మూటలెత్తుకున్నారు. శరభయ్య ఆకుల కట్ట, దారం తెచ్చి గురువు చేతిలో పెట్టాడు. రేవణయ్య అరుగు మీద కూర్చుని మొదటి ఆకు తీశాడు. వేలు అక్షరాల మీద నడిచి బెజ్జం దగ్గర ఆగింది.

"ఇక్కడ ఎవరు పిలిచారు?"

"దేవమ్మ. ఉప్పుకు."

ఇంకో ఆకు. "ఇక్కడ?"

"ఆముదం అవ్వ. ఆమె పిలవలేదు, నేనే పోయాను."

గురువు తల ఊపాడు. ఆకు తర్వాత ఆకు వెళ్ళింది. కొన్నిచోట్ల అడిగాడు, కొన్నిచోట్ల ఊరికే వేలు దాటించాడు. ఆఖరి ఆకు చేతిలోకి తీసుకున్నాడు.

"మరి ఇక్కడ?"

శరభయ్య నోరు తెరిచేలోపే వంటింట్లోంచి కేక వినబడింది.

"శరభయ్యా, బెల్లం!"

రేవణయ్య పకపకా నవ్వాడు. దారం అందుకుని, కొస తడిచేసి, బెజ్జంలోకి ఎక్కించాడు.

"పో నాయనా. ముడి నేను వేస్తాను."