గొళ్ళెం చప్పుడు

వంశధార ఒడ్డున ఆశ్రమంలో ఉండే పైడయ్య గురువుగారు, ఎవరేం అడిగినా ముందు ఏదో ఒక పని చెప్పేవారు. జవాబు ఆ పనిలో దొరికితే దొరికినట్టు. లేకపోతే ఆశ్రమానికి పనైనా అయ్యేది. ఒకనాడు శిష్యుడు సుదర్శనం, "పడ్డ కష్టాన్ని మనిషి మరచిపోవడానికి ఎన్నాళ్ళు పడుతుంది గురువుగారూ?" అని అడిగాడు.

"ఇవాళ్టి నుంచి రోజూ సాయంత్రం తవిటయ్య గదికి బయట గొళ్ళెం నువ్వు పెట్టు," అన్నారాయన.

తవిటయ్య పద్నాలుగేళ్ళు జైల్లో ఉండి వచ్చినవాడు. ఇంటికి చేరి ఏడాదైనా, పొద్దు వాలితే చాలు గదిలోకి వెళ్ళి గొంతుక్కూర్చునేవాడు. బయట గొళ్ళెం పడేదాకా కన్ను మూసేవాడు కాదు. కూతురు గౌరి అతన్ని ఆశ్రమంలో దింపుతూ, "కన్నతండ్రిని నా చేత్తో బంధించలేను బాబూ. గొళ్ళెం లేకుండా ఒక్క రాత్రి పడుకున్నాడని కబురు పంపండి, వచ్చి తీసుకుపోతాను," అని ఏడ్చింది.

సుదర్శనానికి ఆ పని నచ్చలేదు. మూడోనాడు గొళ్ళెం గట్టిగా చప్పుడు చేసి, మెల్లగా తీసేసి వెళ్ళిపోయాడు. తెల్లవారుజామున గాలికి తలుపు తెరుచుకుంది. వచ్చి చూస్తే తవిటయ్య మూలకి ఒదిగి వణికిపోతున్నాడు.

"ఎంత పని చేసినావు బాబూ! గొళ్ళెం పడితే మరెవడూ రాడు. కొట్టినోళ్ళు కూడా ఇళ్ళకెల్లిపోతారు. ఆ చప్పుడు కోసరమే పొద్దల్లా ఓర్చుకునేవోణ్ణి."

రెండు రోజులు అతను అన్నం ముట్టలేదు.

ఆ మర్నాటి సాయంత్రం నది మీద మంచు లేచింది. ఏ నెలో ఇప్పుడు నాకు గుర్తు రావడం లేదు, మంచు మాత్రం ఉంది. గురువుగారు చాప చంకన పెట్టుకుని తవిటయ్య దగ్గరికి వచ్చారు.

"తవిటయ్యా, ఇవాళ నా గదికి నువ్వు గొళ్ళెం పెట్టాలి. తెల్లారి నువ్వే తియ్యాలి. ఇంకెవరు తీసినా నేను రాను."

"తమరికేటి బయం గురువుగోరూ?"

"ఏం, అది నీ ఒక్కడి సొత్తా?"

పద్నాలుగేళ్ళూ ఆ చప్పుడు విన్నవాడే గాని, తవిటయ్య చేత్తో గొళ్ళెం ముట్టింది లేదు. పసిబిడ్డ వేలు పట్టుకున్నట్టు పట్టుకుని పెట్టాడు. తన గది దాకా నడిచి ఆగిపోయాడు. అక్కడ సుదర్శనం గొళ్ళెం మీద చెయ్యి వేసి ఉన్నాడు.

"నన్నిందులో ఏసేస్తే తెల్లారి గురువుగోర్ని తీసేదెవురు?" అని వెనక్కి తిరిగాడు.

మంచు వాకిట్లోకి వచ్చేసింది. గోడలు కనిపించడం మానేశాయి. ఆ తెలుపులో గురువుగారి గుమ్మం ఒక్కటే మిగిలింది. దానికి అడ్డంగా తువ్వాలు పరుచుకుని తవిటయ్య పడుకున్నాడు. కాసేపటికి నది చప్పుడులో గురక కలిసింది.

తెల్లారి అతనే లేచి గొళ్ళెం తీశాడు. "లెగండి గురువుగోరూ, పొద్దెక్కిపోనాది."

సుదర్శనం పరుగున వచ్చాడు. "భయం పోయింది గురువుగారూ! గౌరికి కబురు పంపనా?"

గురువుగారు చాప చుడుతూ అన్నారు:

"పంపు. పోయిందని మాత్రం చెప్పకు. రాత్రంతా నా గుమ్మం కాసింది అదే."