గొంగడి విలువ

ఆ ఏడు కార్తీకపు చలిలో చిక్కులో పడింది చాపలల్లే బాలనాగి. బాలింత కూతురికి కప్పడానికి పొరుగు రాజ్యం నుంచి ఐదు రూకలకు గొంగడి కొని తెచ్చుకుంటుంటే, సరిహద్దు చావడిలో సుంకరి దొర ఆపేశాడు. పాపం, దొరగారికి గొంగడి బొచ్చులో పట్టు కనిపించింది!

"దీని విలువ వంద రూకలు. పదో వంతు సుంకం, పది రూకలు కట్టు. లేదంటే వదిలిపో."

"వందా! అంత ఖరీదైంది నాకెందుకు దొరా? యాభైకే మీకిచ్చేస్తా. సగానికి సగం లాభం, తీసుకోండి."

వెనక బారులు తీరిన వర్తకులంతా దొర మొహంలోకి చూశారు.

"ఈ బొచ్చుగుడ్డకు యాభయ్యా? ఐదుకు మించి ఎవడిస్తాడే!" అని కసిరాడు దొర.

"ఆ మాటే రాయించండి దొరా, అందరూ విన్నారు."

ఆనాటి పద్దు: గొంగడి ఒకటి, విలువ ఐదు రూకలు, సుంకం అర రూక.