కలిపిపెట్టిన ముద్ద

ఓబులేసు విసిగిపోయాడు.

నడివయసులో చూపు పోయినవాళ్లకు మళ్లీ బతుకు నేర్పే ఆశ్రమం అది. కదిరికి అవతల, గుట్ట కింద ఉంది. కర్ర పట్టుకుని నడవడం, పొయ్యి వెలిగించడం, కుర్చీలకు వైరు అల్లడం నేర్పుతారక్కడ. నడిపేది మస్తాన్‌వలీ బాబా అనే ముసలి ఫకీరు. ఆయన దగ్గర శిష్యుడిగా చేరినప్పటి నుంచీ ఓబులేసుకు నడుం వాల్చే తీరిక లేదు.

ఆ పొద్దు బాబా ముందు కూలబడ్డాడు.

"వన్నూరప్పను ఇంటికి పంపించేద్దాం బాబా. ఏమీ నేర్చుకోడు. అన్నం కూడా కలుపుకోలేడు."

వన్నూరప్ప లారీ డ్రైవరు. నీటికాసుల జబ్బుతో రెండు కళ్లూ పోయాయి. అతను తన పని తాను చేసుకోగలిగితే తప్ప, భార్య అతన్ని ఇంట్లో వదిలి కూలికి పోవడానికి లేదు.

"మరి ఎవరు కలుపుతున్నారు?"

"నేనే. అంత మనిషి అట్లా తడుముకుంటుంటే చూడలేను."



మధ్యాహ్నం బంతిలో ఓబులేసు ఎప్పటిలాగే వన్నూరప్ప పక్కన కూర్చున్నాడు. బాబా వచ్చి ఓబులేసు కంచాన్ని తన ముందుకు లాక్కున్నాడు. పప్పన్నం కలిపి, ముద్ద చేసి, ఓబులేసు నోటి దగ్గర పెట్టాడు.

గురువు పెడుతుంటే కాదనలేక నోరు తెరిచాడు. అది మింగకముందే ఇంకోటి వచ్చింది. ఊరుబిండి నంజుకోవాలనిపించింది. నీళ్లు తాగాలనిపించింది. మళ్లీ ముద్దే వచ్చింది. చుట్టూ కూర్చున్నవాళ్లలో చూపున్నవాళ్లెవరూ లేరు. అయినా ఓబులేసు తల వంగిపోయింది.

"నేను తింటా బాబా."

"అలిసిపోయావు కదా నాయనా, అందుకని."

బాబా ఇంకో ముద్ద ఎత్తాడు. ఓబులేసు ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు. బాబా లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్లాడు.

పక్కన వన్నూరప్ప రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఎవరైనా వచ్చి కలిపేదాకా అతను అట్లాగే కూర్చుంటాడు. ఓబులేసు అతని చెయ్యి తీసి కంచం అంచుకు తాకించి వదిలేశాడు.

"అన్నం మధ్యలో ఉందన్నా. పప్పు గిన్నె ఎడమ పక్కన."

వన్నూరప్ప చాలాసేపు కదల్లేదు. తర్వాత తడుముకుంటూ గిన్నె అందుకుని వంచాడు. సగం కంచంలో పడింది, సగం పంచె మీద.

"ఒలికిందా?"

"ఒలికింది."

"తుడవ్వా?"

ఓబులేసు చేతులు వాటంతటవే ముందుకు పోయాయి. వెనక్కి తీసుకున్నాడు.

"గుడ్డ నీ కుడి మోకాలి పక్కనుంది అన్నా."